ఊరుకున్నంత ఉత్తమం లేదా?

ఉగాది సంచికకి ఏదైనా రాసి ఇవ్వమని సంపాదక మిత్రులు అడిగారు. కవిత్వం నా వల్ల కాదు, కథ అసలే కాదు, మరేం రాయను అన్నాను. "ప్రతి శుక్రవారం నువ్వు మాట్లాడేదే రాయవయ్యా" అన్నారు. ఆ మాటా నిజమే. మనవాళ్ళు నలుగురు ఎవరింట్లో భోజనానికి కలిసినా, పిల్లల చదువులూ ఊళ్ళో స్థలాల ధరలూ అయిపోయాక కబుర్లు చేరేది ఒక్క చోటికే. ఆఫీసు! మా మేనేజరు అందరి ముందూ ఇలా అన్నాడు, మా సూపర్‌వైజరు నా పని తన పేరు మీద చెప్పుకున్నాడు, మా ఫోర్‌మన్ సెలవు కాగితం మీద సంతకం పెట్టకుండా తిప్పుతున్నాడు... అందరూ చెప్పుకున్నాక చివర్లో ఎవరో ఒక పెద్దాయన తేల్చేస్తారు. "ఎందుకొచ్చిన గొడవ? ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు." అందరం తలలూపి పెరుగన్నంలోకి వెళ్ళిపోతాం.

ఈ సామెత మనకి ఎంతవరకూ పనికొస్తుందో చూద్దామనే ఈ వ్యాసం. ముందే మనవి చేస్తున్నాను, నేను మానసిక శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. కాకినాడలో ఇంజనీరింగు చదివి, ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఇన్‌స్ట్రుమెంట్లతో కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. ప్రెషర్ అంటే నాకు తెలిసింది గేజి మీద కనపడేదే. కానీ ఆ గేజి నేర్పిన పాఠం ఒకటుంది. ప్రెషర్ పెరిగే ప్రతి వెసెల్‌కీ సేఫ్టీ వాల్వు పెడతాం. దాన్ని తీగతో కట్టేసి "ఊరుకున్నంత ఉత్తమం లేదు" అని ఏ ఇంజనీరూ అనడు. మరి మన విషయంలో మనమే ఎందుకంటున్నాం?

మన జుబైల్ సంగతి వేరు

కష్టమైన మనుషులు లేని ఆఫీసు ప్రపంచంలో ఎక్కడా లేదు. హైదరాబాదులో ఉన్నారు, హ్యూస్టన్‌లోనూ ఉన్నారు. అయితే మన జుబైల్‌లో ఆ కష్టానికి కొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి.

ఒకప్పుడు చేపలు పట్టుకునేవాళ్ళూ, ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళూ ఉండే చిన్న ఊరిది. 1975లో రాయల్ కమిషన్ ఏర్పడింది. మరుసటి ఏడు సాబిక్ వచ్చింది. ఆ తరవాత రిఫైనరీలూ, పెట్రోకెమికల్ ప్లాంట్లూ, ఎరువుల ఫ్యాక్టరీలూ, ఉక్కు ఫ్యాక్టరీ, రియాద్‌కి మంచినీళ్ళు పంపే ప్లాంటూ ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. అంటే ఊరు పుట్టిందే పని కోసం. ఇక్కడ మనందరం ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళమే. ఒక కంట్రోల్ రూములో సౌదీ, భారతీయుడు, పాకిస్తానీ, ఫిలిపినో, ఈజిప్షియన్, ఇంగ్లీషువాడు పక్కపక్కన కూర్చుంటారు. ఆ ఒక్క ఇంగ్లీషువాణ్ణి తప్పిస్తే మిగతా అందరూ మాట్లాడేది అరువు భాష. అరువు భాషలో మర్యాద ఆలస్యంగా వస్తుంది, కోపం ముందు వస్తుంది.

రెండోది ఇకామా. మన ఊళ్ళో ఉద్యోగం నచ్చకపోతే మానేసి, నాలుగు నెలలు అత్తవారింట్లో కూర్చుని ఇంకోటి వెతుక్కోవచ్చు. ఇక్కడ ఉద్యోగంతోపాటే ఇకామా, ఇల్లు, కారు, పిల్లల స్కూలు ముడిపడి ఉంటాయి. మేనేజరు నోటి దురుసు ఒక్కడి సమస్య కాదు, ఇంటిల్లిపాది సమస్య. అందుకే ఎంత మాట అన్నా మింగుతాం.

మూడోది, చెప్పుకునే మనిషి లేకపోవడం. ఊళ్ళో అయితే మేనమామో, చిన్ననాటి స్నేహితుడో, వీధి చివర టీ కొట్టో ఉండేవి. 2017 జూలైలో మన కుటుంబ సభ్యుల మీద నెలకి తలకి 100 రియాళ్ళ ఫీజు మొదలైంది. ఏటా పెరిగి 2020కి అది 400 అయింది. ఆ నాలుగేళ్ళలో మన సంఘంలోనే ఎన్ని కుటుంబాలు దమ్మామ్‌లో విమానం ఎక్కాయో మీకు తెలుసు. భార్యా పిల్లల్ని పంపేసి, ఇద్దరు ముగ్గురు కలిసి ఫ్లాటు తీసుకుని ఉంటున్న మిత్రులున్నారు. ఆఫీసులో పడ్డ మాటని ఆ మనిషి ఎవరికి చెప్పుకుంటాడు? ఇంటికి ఫోన్ చేస్తే "అంతా బాగానే ఉంది" అంటాడు. ఆ మాట తలగడ మీదికి వస్తుంది.

పని ఎక్కువైతేనే ఒత్తిడా?

ఒత్తిడి గురించి మొదట గట్టిగా చెప్పినవాడు హాన్స్ సెల్యే అనే వైద్య శాస్త్రవేత్త. 1936లో మాంట్రియల్‌లో పనిచేస్తూ, ఏ రకమైన బాధ పెట్టినా శరీరం దాదాపు ఒకే పద్ధతిలో స్పందిస్తుందని రాశాడు. మొదట ఉలిక్కిపడుతుంది, తరవాత తట్టుకుంటుంది, చివరికి అలిసిపోతుంది. మన ఇంజనీర్లకి ఇది కొత్త కాదు. ఇనుప కడ్డీ మీద ఒక్కసారి పెద్ద బరువు పెడితే తట్టుకోవచ్చు. చిన్న బరువే అయినా లక్షసార్లు వేసి తీస్తే ఏదో ఒక రోజు చెప్పకుండా విరుగుతుంది. ఫెటీగ్ అంటే అదే గదా!

1979లో రాబర్ట్ కరాసెక్ అనే ఆయన ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పాడు. పని భారం ఒక్కటే మనిషిని దెబ్బతియ్యదు, భారం ఎక్కువగా ఉండి తన పని మీద తనకి అధికారం లేకపోవడం దెబ్బతీస్తుంది అని. దీన్ని మన భాషలో చెప్తాను. షట్‌డౌన్ రోజుల్లో ఒక ప్లానింగ్ ఇంజనీరు రోజుకి పన్నెండు గంటలు పనిచేస్తాడు. ఏ పని ముందు, ఏది వెనక అన్నది అతనే నిర్ణయిస్తాడు కాబట్టి అలిసిపోయినా నిద్రపడుతుంది. అతని పక్కనే ఒక టెక్నీషియన్ ఎనిమిది గంటలే చేస్తాడు. గంటకోసారి ఎవరో వచ్చి "అది ఆపు, ఇది చెయ్యి, ఇదెందుకు చేశావు?" అంటారు. ఎదురు చెప్పే వీలు లేదు. రాత్రి మంచం మీద దొర్లేది ఈ రెండో మనిషే. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద దశాబ్దాల తరబడి సాగిన వైట్‌హాల్ పరిశోధనల్లో తేలిందీ ఇలాంటిదే. గుండెజబ్బులు పై మెట్టు మీదున్న అధికారులకన్నా కింది మెట్లవాళ్ళకే ఎక్కువ.

అలాగని పని గంటలు లెక్కలోకి రావని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క ప్రకటించాయి. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువట. ఒక్క 2016లోనే ఈ కారణంగా సుమారు 7,45,000 మంది చనిపోయారని వారి అంచనా. మనవాళ్ళకి షుగరూ బీపీ మామూలుగానే తోడుంటాయి కాబట్టి ఈ అంకె మీద ఓవర్‌టైం లెక్క చూసుకునేటప్పుడు కూడా ఒక కన్ను వెయ్యాలి.

నోరు మూసుకుంటే పోయేది ఎవరి ప్రాణం?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కష్టమైన మనిషి ముందు ఊరుకోవడం మన ఆరోగ్యానికే కాదు, పక్కవాడి ప్రాణానికీ ముప్పు.

1977 మార్చి 27న స్పెయిన్ దేశపు టెనెరీఫె ద్వీపంలో, పొగమంచులో, రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. విమాన చరిత్రలో ఇంతకు మించిన ఢీ లేదు. టేకాఫ్ మొదలుపెట్టిన కెఎల్‌ఎం విమానం కెప్టెన్ చాలా అనుభవజ్ఞుడు, ఆ సంస్థలో ఇతర పైలట్లకి శిక్షణ ఇచ్చే పెద్ద. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీద ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీరుకి అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. కెప్టెన్ గట్టిగా కొట్టిపారేశాడు. ఇంజనీరు మళ్ళీ అడగలేదు. ఆ కొద్ది క్షణాల మౌనం నుంచి ప్రపంచంలోని విమాన సంస్థలన్నీ పాఠం నేర్చుకున్నాయి. కింది ఉద్యోగి పైవాడికి సందేహం ఎలా చెప్పాలో, చెప్పినప్పుడు పైవాడు ఎలా వినాలో శిక్షణ ఇవ్వడం అప్పటి నుంచే పెరిగింది.

మన రంగంలోకి వస్తే, 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో పేలుడు జరిగి 15 మంది చనిపోయారు. యూనిట్‌ని స్టార్టప్ చేస్తున్న ఆపరేటర్లలో కొందరు పన్నెండు గంటల షిఫ్టుల్లో వరసగా 29 రోజులు, ఆపైన పనిచేసి ఉన్నారని దర్యాప్తులో తేలింది. షిఫ్టు మారేటప్పుడు ఒకరికొకరు సరిగ్గా చెప్పుకోకపోవడం కూడా కారణాల్లో ఒకటి. అలసటా, మాట్లాడకపోవడమూ ఒకచోట చేరితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఒక షట్‌డౌన్ అయ్యాక, స్టార్టప్ రాత్రి. ఒక కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టగానే వైబ్రేషన్ ఎక్కువ చూపించి ట్రిప్ అవుతోంది. స్టార్టప్ ఇన్‌చార్జి మంచి పనిమంతుడు, నోరు మాత్రం మహా చెడ్డది. ఏ దేశం వాడో చెప్పను, ఆ రకం మనుషులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. "మీ ఇన్‌స్ట్రుమెంట్ తప్పు. ట్రిప్ బైపాస్ చెయ్యి" అన్నాడు. బైపాస్‌కి ఫారం ఉంది, దానికి సంతకాలున్నాయి. "ఫారం రేపు చూద్దాం, ముందు చెయ్యి. నీలాంటి ఇంజనీర్లు పది మంది దొరుకుతారు" అని పదిహేను మంది ముందు అరిచాడు.

నేను అన్నది ఇంతే. "మీరు చెప్పింది నిజమే కావచ్చు సార్, తప్పు మా ప్రోబుదే కావచ్చు. ఇదిగో ఫారం. మీదొక సంతకం, ఆపరేషన్స్ మేనేజరుదొక సంతకం పడితే రెండు నిమిషాల్లో చేస్తాను." ఇదే మాట, ఇదే గొంతుతో మూడుసార్లు చెప్పాను. మూడోసారికి అరుపు తగ్గి, ఫోను అందుకున్నాడు. అర్ధరాత్రి నిద్ర లేచిన మేనేజరు బైపాస్‌కి ఒప్పుకోలేదు, మిషను ఆపి ప్రోబు చూడమన్నాడు. చూస్తే కేబుల్ కనెక్టర్‌లో నూనె చేరి ఉంది. అంటే ఇన్‌చార్జి ఊహే సరైనది! నాలుగు గంటలు ఆలస్యమైంది. అయినా సరే, ఆ ఊహ తప్పయి ఉంటే ఆ హాల్లో ఉన్న మనుషుల సంగతేమిటి? ఆయన నాకు సారీ చెప్పలేదు, నేను ఎదురుచూడనూ లేదు. ఆ తరవాత మాత్రం ఏ బైపాస్ కావాలన్నా ఫారం ముందే నింపి పట్టుకొచ్చేవాడు.

రకరకాల మనుషులు

ఇన్నేళ్ళలో నేను చూసిన కష్టమైన మనుషుల్ని మూడు నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటి రకం అరిచేవాళ్ళు. వీళ్ళు పైకి కనిపించినంత ప్రమాదకారులు కారు. వాళ్ళ అరుపు చాలావరకు భయం. పైనున్న మేనేజరుకి రోజుకి ఇంత నష్టమని ఇంకెవరో ఫోన్లో చెప్తున్నారు, అది ఇతని నోట్లోంచి మన మీద పడుతోంది. అరుస్తున్నంతసేపూ జవాబు చెప్పకూడదు. ఆగాక, పని గురించి మాత్రమే ఒక్క ప్రశ్న అడగాలి.

రెండో రకం మన పని తమ ఖాతాలో వేసుకునేవాళ్ళు. నవ్వుతూ ఉంటారు, భుజం మీద చెయ్యి వేస్తారు. వీళ్ళకి మందు కాగితమే. పని అయిన సాయంత్రమే నాలుగు లైన్ల ఈమెయిల్, ఎవరెవరికి తెలియాలో వాళ్ళందరికీ.

మూడో రకం అన్నిటికీ సరేననేవాళ్ళు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఆలోచించాలి. అరబ్బు మిత్రుడు "ఇన్‌షా అల్లా, బుక్రా" అంటే మనం విసుక్కుంటాం. ఫిలిపినో కుర్రాడు "యెస్ సార్" అని పని చెయ్యకపోతే మోసం అంటాం. మరి మనం? అర్థం కాకపోయినా తల అడ్డంగా, నిలువుగా కాకుండా మధ్యస్థంగా ఊపి వచ్చేస్తామా లేదా! పెద్దవాడి ముఖం మీద కాదు అనలేకపోవడం మన దేశాలన్నిటికీ ఉన్న మర్యాద. దానికి విరుగుడు "చేస్తావా?" అని అడగడం మానేసి "ఎప్పటికి చేస్తావు, ఏం కావాలి?" అని అడగడం.

నాలుగో రకం, వేళ పాళా చూడనివాళ్ళు. రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో ప్రశ్న పెట్టి, నీలం టిక్కులు పడ్డాయి కదా జవాబు లేదేం అంటారు. ప్లాంటులో అత్యవసరమైతే ఫోను చేస్తారు, మనం లేచి వెళ్తాం. మిగతావన్నీ పొద్దుటి దాకా ఆగుతాయని మర్యాదగా, ముందుగానే చెప్పుకోవాలి.

ఇంకొక మాట. రంజాన్ నెలలో మధ్యాహ్నం మూడు గంటలకి ఉపవాసం ఉన్న సహోద్యోగి విసుక్కుంటే, అది మన మీద కోపం కాదు. కష్టమైన చర్చ పొద్దున్నే పెట్టుకోవడం మన చేతిలో ఉన్న పని.

నాకు పనికొచ్చిన పద్ధతులు

పుస్తకాల్లో ఎన్నో ఉంటాయి. అనుభవంలో నిలిచినవి మాత్రమే చెప్తాను.

ఒకటి, నలుగురి ముందు పడ్డ మాటకి నలుగురి ముందు జవాబివ్వకండి. మర్నాడు వాళ్ళ గదికి వెళ్ళి, తలుపు వేసి, "నిన్న పని గురించి మీరు చెప్పింది విన్నాను, సరిచేస్తున్నాను. కానీ నా మనుషుల ముందు అలా అంటే రేపు వాళ్ళు నా మాట వినరు, నష్టం మీ పనికే" అనండి. మన అవమానం గురించి చెప్తే చాలామంది వినరు. వాళ్ళ పనికి జరిగే నష్టం గురించి చెప్తే వింటారు.

రెండు, నోటి ఆదేశాన్ని కాగితం మీదకి తీసుకురండి. "మీరు చెప్పినది నాకు ఇలా అర్థమైంది, ఇలా చేస్తున్నాను, తేడా ఉంటే చెప్పగలరు" అని రెండు వాక్యాల ఈమెయిల్. ఇందులో నింద లేదు, అయినా ఎంతో రక్షణ ఉంది.

మూడు, ఒక చిన్న డైరీ పెట్టుకోండి. తేదీ, వేళ, ఏం జరిగింది, ఎవరున్నారు. అంతే రాయండి, తిట్లు రాయకండి. ఇది రెండు విధాల పనికొస్తుంది. ఎప్పుడైనా ఫిర్యాదు చెయ్యాల్సి వస్తే ఆధారం. నెల తరవాత తిరగేస్తే, "రోజూ వేధిస్తున్నాడు" అనుకున్నది నెలలో రెండుసార్లే అని తేలినా తేలవచ్చు. అదీ ఒక ఊరటే.

నాలుగు, శరీరానికి ఒక దారి ఇవ్వండి. ఫనాతీర్ బీచి మీద సాయంత్రం నలభై నిమిషాల నడకకి ఖర్చు ఏమీ లేదు. నడిచేటప్పుడు ఆఫీసు మాట ఎత్తకూడదన్నది మా బృందం నియమం. ఎత్తినవాడు అందరికీ టీ ఇప్పించాలి.

చట్టం ఏం చెబుతోంది?

ఇది చాలామందికి తెలియని సంగతి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 2005 నాటి సౌదీ కార్మిక చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు పని అంటుంది. రంజాన్‌లో ముస్లిములకి రోజుకి 6 గంటలు. ఏడాదికి 21 రోజుల సెలవు, అయిదేళ్ళ సర్వీసు నిండితే 30 రోజులు. సర్వీసు ముగిసినప్పుడు మొదటి అయిదేళ్ళకి ఏడాదికి అరనెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. మనంతట మనం రాజీనామా చేస్తే మాత్రం, పదేళ్ళు నిండితేనే అది పూర్తిగా వస్తుంది.

ఇందులో 80, 81 అధికరణాలు పక్కపక్కన పెట్టి చదవాలి. పని సందర్భంలో యజమాని మీదో, పై అధికారి మీదో చెయ్యి చేసుకున్న ఉద్యోగిని ఈ ముగింపు సొమ్ము ఇవ్వకుండానే తీసెయ్యవచ్చని 80వది చెబుతుంది. అంటే కోపంలో ఒక్క క్షణం పదిహేనేళ్ళ కష్టాన్ని తుడిచెయ్యగలదు. మరి 81వది? యజమానిగాని మేనేజరుగాని క్రూరంగా, అన్యాయంగా, అవమానకరంగా వ్యవహరిస్తే, ఉద్యోగి నోటీసు ఇవ్వకుండా, తన హక్కులేవీ పోగొట్టుకోకుండా ఉద్యోగం వదలవచ్చని చెబుతుంది. అవమానం పడటం ఉద్యోగంలో భాగం కాదని ఈ దేశపు చట్టమే అంటోందన్నమాట! అలాగని రేపే వదిలెయ్యమని నా సలహా కాదు. రుజువు చెయ్యాల్సింది మనమే. అందుకే డైరీ, అందుకే ఈమెయిల్.

2018 నుంచి కార్మిక వివాదాలకి న్యాయస్థానాలు ఉన్నాయి. దానికి ముందు మంత్రిత్వ శాఖ దగ్గర రాజీ ప్రయత్నం జరుగుతుంది. 2021 మార్చి 14 నుంచి ప్రైవేటు సంస్థల్లో పనిచేసేవాళ్ళు, కొన్ని షరతులకి లోబడి, యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారడానికీ, ఎగ్జిట్ రీఎంట్రీ తీసుకోవడానికీ వీలు వచ్చింది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ, ఇంటి డ్రైవర్లకీ ఆ వీలు అప్పుడు రాలేదు. 2025 ఫిబ్రవరి నుంచి చట్టంలో మరికొన్ని సవరణలు అమలులోకి వచ్చాయి. అందువల్ల ఏ అడుగు వేసేముందైనా తాజా ప్రతి చదవండి, తెలిసినవాళ్ళని అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదు.

ఇంటికి ఏం తీసుకెళ్తున్నాం?

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకి పాత అలవాటే. ఆఫీసులో నోరు మెదపనివాడు ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైందని అరుస్తాడు. మా ఆవిడ ఒకసారి ఒక మాట అంది. "ఏమండీ, మీ ఆఫీసులో ఏం జరిగిందో మాకు చెప్పరు. కానీ మీరు కారు తలుపు వేసే చప్పుడు వినే పిల్లలు పుస్తకాలు తీస్తారు." ఇలాంటి ఇళ్ళు మన సంఘంలో ఇంకా ఉన్నాయని నాకు గట్టి నమ్మకం.

మన ఆడవాళ్ళలో ఎంతోమంది చదువుకున్నవాళ్ళు, ఊళ్ళో ఉద్యోగం వదులుకుని వచ్చినవాళ్ళు. నాలుగ్గోడల మధ్య వాళ్ళ ఒత్తిడి మనదానికి తీసిపోదు. 2018 జూన్ నుంచి ఇక్కడ ఆడవాళ్ళు కారు నడుపుతున్నారు, ఉద్యోగాలూ చేస్తున్నారు. ఆఫీసు కష్టాలు వాళ్ళకీ మొదలయ్యాయి. ఇంటికి వచ్చాక పది నిమిషాలు ఇద్దరూ కూర్చుని, పిల్లలు వినకుండా, ఆ రోజు సంగతి చెప్పుకుంటే సగం భారం దిగుతుంది. ఎదుటివాళ్ళు పరిష్కారం చెప్పనక్కర్లేదు, వింటే చాలు.

నిద్ర పట్టకపోవడం, పొద్దున్నే ప్లాంటు గేటు చూడగానే గుండె దడదడలాడటం, ఒకప్పుడు ఇష్టమైన పని మీద వెగటు పుట్టడం వారాల తరబడి సాగితే అది ఓర్పుతో పోయేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 'బర్నౌట్'కి చెప్పిన గుర్తులు ఇవే మూడు: తీరని అలసట, పని మీద వెగటు, చేసే పనిలో పస తగ్గడం. సంఘంలో మన డాక్టరు మిత్రులు ఉన్నారు, సిగ్గుపడకుండా చెప్పుకోండి. ఆరోగ్య మంత్రిత్వ శాఖ వారి 937 నంబరుకి ఫోను చేసినా వైద్య సలహా దొరుకుతుంది. షుగరుకి మందు వేసుకోవడానికి సిగ్గుపడం, మనసుకి మాత్రం ఎందుకు?

మనం ఎవరికి కష్టమైన మనుషులం?

ఈ ప్రశ్న వెయ్యకుండా వ్యాసం ముగిస్తే అది పైవాళ్ళ మీద ఫిర్యాదు మాత్రమే అవుతుంది. మన కింద పనిచేసేవాళ్ళున్నారు. ఉద్దానం నుంచి వచ్చిన రిగ్గరు, సోంపేట వెల్డరు, జగిత్యాల హెల్పరు, సిరిసిల్ల స్కాఫోల్డరు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. నిబంధన అమలు చేసేది ఎవరు? సైటులో ఉన్న మనమే. "ఇంకో పావుగంటలో అయిపోతుంది కానీ" అన్న మాట మన నోటి నుంచి తెలుగులోనే వస్తే, ఆ కుర్రాడు కాదనగలడా?

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రిగ్గరు నాతో అన్నాడు. "పరాయోడు తిడితే బాస రాదు కదా, సగం అర్తం కాదు బాబూ. మనోడు తిడితే అంతా అర్తమవుద్ది." ఇంతకన్నా నేను చెప్పగలిగింది లేదు. మనం పైవాళ్ళ దగ్గర ఏ మర్యాద కోరుతున్నామో అది మన చేతి కిందవాళ్ళకి ముందు అందాలి. వాళ్ళు "సార్, ఈ బెల్టు చిరిగింది, ఎక్కను" అన్న రోజున "మంచి పని చేశావు" అని అందరి ముందూ అంటే చాలు. మరో పది మంది నోళ్ళు తెరుచుకుంటాయి.

చివరగా సంఘం పెద్దలకి ఒక మనవి. సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఉగాదికి కవి సమ్మేళనం బాగానే చేసుకుంటున్నాం. వాటికి తోడు నెలకొక శుక్రవారం సాయంత్రం ఒక గంట పెట్టుకుందాం. కార్మిక చట్టం తెలిసినవాళ్ళొకరు, డాక్టరొకరు, చాలా కాలంగా ఇక్కడున్న పెద్దవాళ్ళొకరు కూర్చుంటారు. ఎవరైనా రావచ్చు, కాంపుల్లో ఉండే తమ్ముళ్ళు ముఖ్యంగా రావాలి. అక్కడ విన్నది అక్కడే ఉండిపోవాలి. ఫలహారాల బాధ్యత నాది.

ఊరుకున్నంత ఉత్తమం లేదన్న పెద్దలే, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని కూడా అన్నారు. మొదటిది పక్కింటి తగువులకి ఉంచుకుందాం. రెండోదాన్ని ప్లాంటుకి తీసుకెళ్దాం. మంచి నోరంటే మూసుకున్న నోరు కాదు, అరిచే నోరూ కాదు. చెప్పవలసిన మాటని, చెప్పవలసిన మనిషికి, చెప్పవలసిన వేళ, మర్యాద తప్పకుండా చెప్పే నోరు.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.